గది చూశాం, గని మరిచాం

నాయకుల ప్రైవేటు జీవితం జోలికి వెళ్లకూడదట. సంస్కారం కాదట. ఈ హితవు ఎక్కడినుంచి వస్తోందా అని తలెత్తి చూస్తే, వీధి మొదట్లో కరెంటు స్తంభానికి వేలాడుతున్న ఫ్లెక్సీ దగ్గరినుంచే వస్తోంది. ఆ ఫ్లెక్సీలో ఉన్నది వంతెన శంకుస్థాపన కాదు, అన్నగారి మనవడి పుట్టువెంట్రుకల వేడుక. పక్క స్తంభానికి వదినమ్మగారి జన్మదినం. ఆ పక్క స్తంభానికి చిన్నబాబుగారు. ఆయన ఇంకా ఏమీ చేయలేదు, డిగ్రీ మాత్రం పాసయ్యారు. అందుకు నియోజకవర్గ ప్రజలందరి తరఫున శుభాకాంక్షలు. మనల్ని ఎవరూ అడగలేదు, అయినా మన తరఫున చెప్పేశారు.

అమ్మాయి పెళ్లికి ఊరూరా శుభలేఖలు పంచుతారు. పోలీసులు దారులు మళ్లిస్తారు, మనం ఎండలో స్కూటరు ఆపుకుని ఆ దంపతులను దీవిస్తూ నిలబడతాం. తల్లి చేతి ముద్ద తినేటప్పుడు కెమెరా. భార్య వ్రతానికి కూర్చుంటే కెమెరా. పాదయాత్రలో బొబ్బలెక్కిన అరికాలు దగ్గర మరీ దగ్గరగా కెమెరా. ఇంతవరకూ అంతా ప్రజా జీవితమే. ఎప్పుడో ఒకనాడు ఆ కెమెరా తనంతట తాను ఒక గుమ్మం ముందు ఆగిందనుకోండి, అప్పుడు గుర్తొస్తుంది రాజ్యాంగం. శుభం జరిగితే ఊరందరిదీ, మరొకటి జరిగితే ఆయన సొంతం.

సరే, సంస్కారం పాటిద్దాం. కానీ ఎవరి గుమ్మం దగ్గర ఎంత పాటించాలో ఈ దేశంలో ఒక పద్ధతి ఉంది. అది తెలియాలంటే కింది మెట్టు నుంచి ఎక్కాలి.

తెలంగాణలో 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఉంది. మంచి పథకమే, కాదనను. కానీ అది చేతికి రావాలంటే తాను ఒంటరినని ఆమె రుజువు చేసుకోవాలి. ఆఫీసులో సంభాషణ ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు.

"నీ మొగుడు ఇడిసిపెట్టి ఎన్నాళ్లయిందమ్మా?"

"రెండేండ్లు దాటింది సారూ."

"మళ్ల వచ్చిపోతున్నడా ఏంది?"

"రాలే సారూ."

"విడాకుల కాయితం ఉందా?"

"చెప్పిపోతే గద సారూ, కాయితం అడిగేటందుకు."

"మరి నిజమని ఎట్ల నమ్మాలె? ఊళ్లె అడుగుతం."

ఊళ్లో అడుగుతారు. ఆమె కాపురం కూలిందా లేదా అన్నది అరుగు మీద నలుగురు తేలుస్తారు. నెలకు 2,016 రూపాయల కోసం ఒక మనిషి తన బతుకులో అన్నిటికంటే దాచుకోదగ్గ సంగతిని పది మంది ముందు పరవాలి. ఇది గోప్యతకు భంగమని ఏ పార్టీ అధికార ప్రతినిధీ ప్రెస్ మీట్ పెట్టలేదు.

ఇప్పుడు అదే ప్రశ్న పై మెట్టు మీద. నరేంద్ర మోదీ గారు గుజరాత్ శాసనసభకు పోటీ చేసిన కాలమంతా ఆయన ఎన్నికల ప్రమాణపత్రంలో భార్య వివరాలు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. 2014 ఏప్రిల్‌లో వడోదర నుంచి లోక్‌సభకు నామినేషన్ వేసినప్పుడు ఆ గడిలో మొదటిసారి ఒక పేరు కనిపించింది. మధ్యలో 2013లో సుప్రీంకోర్టు, గడులు ఖాళీగా వదిలితే నామినేషన్ చెల్లదు పొమ్మనొచ్చని తీర్పు ఇచ్చింది లెండి. ఆయన పెళ్లి ఆయన ఇష్టం, ఎందుకు కలిసి ఉండలేదన్నది నాకూ మీకూ అనవసరం. నా తగాదా ఆ గడితోనే. గడి ఖాళీగా ఉంచి ముఖ్యమంత్రిగా పుష్కర కాలం గడపొచ్చు. అదే గడి ఖాళీగా ఉంచి పింఛను తీసుకోవడం మాత్రం కుదరదు.

ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు కొన్నేళ్లపాటు ఆరు దశల వడపోత నడిచింది. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందా, ఇంట్లో కారుందా, పొలం ఎన్నెకరాలు, ఎవరైనా ఆదాయపు పన్ను కట్టారా, ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారా, పట్టణంలో ఇల్లుంటే ఎన్ని చదరపు అడుగులు? 2019లో వాలంటీర్లను వేశాక యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ఈ లెక్కలన్నీ కంఠతా పట్టారు. వేసవిలో కూలరు కొనుక్కుని మీటరు గిర్రున తిరిగి రేషన్ కార్డు ఊడిన కుటుంబానికి, తన ఉక్కపోత కూడా ప్రైవేటు కాదని అప్పుడే తెలిసింది.

తెలంగాణలో 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఇంట్లో కూర్చుని సమగ్ర కుటుంబ సర్వేకు జవాబు చెప్పింది. ముంబయి, సూరత్ వలస వెళ్లినవాళ్లు కూడా బస్సుల టాపులెక్కి వచ్చి మరీ చెప్పారు. ఆస్తులు, అప్పులు, పశువులు, జబ్బులు, బ్యాంకు ఖాతాలు. పదేళ్లకు, 2024 నవంబరులో ఇంకో ప్రభుత్వం ఇంకో సర్వే పెట్టి 75 ప్రశ్నలు వేసింది. ఆనాడు ఒక్క రోజులో ఊరందరి గుట్టూ రాయించుకున్న నాయకుడు ఈసారి తన వివరాలు ఇవ్వలేదని అధికార పక్షం ఆరోపించింది. అడిగేటప్పుడున్న ఉత్సాహం చెప్పేటప్పుడు ఉండదు, మానవ సహజం. ఇవన్నీ మనం చెప్పినవి. మనం చెప్పనివి వినడానికి వేరే శాఖ ఉందని ఫోన్ ట్యాపింగ్ కేసులో 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాక ఆరోపణలు వినవచ్చాయి. కేసు కోర్టులో ఉంది, తేలాల్సింది అక్కడ.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇంత గొప్ప హాస్యం మన చట్టసభలు మళ్లీ రాయలేదు.

1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, గడువుగా పెట్టిన 1995 మే నెలాఖరు తర్వాత మూడో బిడ్డ పుడితే సర్పంచి పదవికి గానీ వార్డు మెంబరు పదవికి గానీ అనర్హులయ్యేవారు. అంటే ఊళ్లో వీధి దీపం మార్పించే మనిషి ఎంతమంది పిల్లల్ని కనాలో, ఎప్పుడు ఆపాలో చట్టం చూసుకునేది. మరి ఎమ్మెల్యే? ఆయన ఇష్టం. ఎంపీ? ఆయన ఇష్టం. ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి? మహారాజులు, వాళ్ల పడకగది గురించి అడగడానికి మీకు సిగ్గు లేదూ? ఆ చట్టం వచ్చిన ఏడాది ఢిల్లీలో ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు, సంతానం ఎనిమిది మంది. అదే ఏడాది డిసెంబరులో మూడోసారి పగ్గాలు పట్టిన ఎన్టీఆర్ గారికి పన్నెండు మంది. వాళ్ల పిల్లలంతా గడువుకు ఎంతో ముందే పుట్టారు కాబట్టి పేచీ లేదు, అదీగాక పిల్లల సంఖ్యకూ పాలనకూ సంబంధం లేదని వాళ్లిద్దరూ చేసి చూపించారు. సంబంధం లేదని వాళ్ల విషయంలో తెలిసిన ముక్క వార్డు మెంబరు విషయంలో ఎందుకు మరుపొచ్చింది?

ఈ నిబంధన ఊళ్లలో ఏం చేసిందో నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో పరిశీలించి 2005లో ప్రచురించారు. పదవి కోసం భార్యను వదిలేసినవాళ్లు, గర్భం తీయించినవాళ్లు, మూడో బిడ్డను దత్తత పేరుతో వేరే ఇంటికి దాటించినవాళ్లు. ఒక చిన్న పదవికి ఇంట్లో ఆడదాని ఒళ్లు పూచీకత్తు. హర్యానాలో ఇలాంటి చట్టాన్నే సవాలు చేస్తే 2003లో సుప్రీంకోర్టు సబబే అంది. అదే హర్యానా 2015లో ఇంకాస్త ముందుకెళ్లి, సర్పంచిగా నిలబడాలంటే ఇంట్లో పనిచేసే మరుగుదొడ్డి ఉండాలంది, కరెంటు బకాయి ఉండకూడదంది. దాన్నీ కోర్టు సమర్థించింది. మన ప్రజాస్వామ్యంలో పడకగది నుంచి మరుగుదొడ్డి దాకా ఏదీ దాచుకోవడానికి వీల్లేని ఒకే ఒక ప్రజాప్రతినిధి సర్పంచి. తమాషా ఏమిటంటే ఆ చట్టం చేసిన సభలో చెయ్యెత్తిన వాళ్లెవరి ఇంటికీ తనిఖీ అధికారి రాడు.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. ఆడవాళ్ల బాధ చూసి ఎత్తేశారేమోనని ఆశపడకండి. జనాభా తగ్గిపోతోందట, ముఖ్యమంత్రి గారికి ఇప్పుడు ఎక్కువ మంది పిల్లలు కావాలట. ముప్పయ్యేళ్లు వద్దన్నదీ వాళ్లే, ఇప్పుడు కనమంటున్నదీ వాళ్లే. కనేది మాత్రం ఎప్పుడూ ఆమే.

ఇక మేడ మీదికి వచ్చాం. మేడ మీద అలవాట్లు వేరు. 2002 మేలో సుప్రీంకోర్టు చెప్పేదాకా, ఓటు అడిగే మనిషి మీద ఎన్ని కేసులున్నాయో ఆస్తి ఎంతుందో ఓటరుకు చెప్పాల్సిన పనే లేదు. కోర్టు చెప్పమనగానే ఏమైంది? ఉల్లి ధర దగ్గర, నదీ జలాల దగ్గర, దేవుడి దగ్గర కూడా కలవని పార్టీలన్నీ ఒక్క తాటి మీదికి వచ్చి, కోర్టు ఏం చెప్పినా, చట్టం అడగని వివరాలేవీ అభ్యర్థి వెల్లడించనక్కర్లేదని చట్టం తెచ్చుకున్నాయి. 2003 మార్చిలో కోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు మనం చూస్తున్న ప్రమాణపత్రం, ఆ ఫారం 26, వాళ్లు మనకిచ్చింది కాదు. వాళ్ల గుప్పిట విప్పదీసి తీసుకున్నది.

2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ గొడవకు ఒక గీత గీసింది. అభ్యర్థి తన బతుకునంతా ఓటరు ముందు విప్పి ఆరబోయనక్కర్లేదు, అతని అభ్యర్థిత్వానికి సంబంధం లేని విషయాల్లో అతనికీ గోప్యత ఉంది, బట్టలూ చెప్పులూ గిన్నెలూ లెక్క చెప్పనక్కర్లేదు అంది. మామూలు గడియారం రాయకపోయినా తప్పు లేదు, ఖరీదైన గడియారాల సేకరణ ఉంటే మాత్రం రాయాల్సిందే అంది. నాకీ తీర్పు నచ్చింది. పేచీ అంతా దీన్ని నాయకులు ఎలా చదువుకుంటారన్నదే. చెప్పులు రాయనక్కర్లేదన్న వాక్యం దగ్గర గట్టిగా గీత గీసుకుని, గడియారాల వాక్యం దగ్గర పేజీ తిప్పేస్తారు.

తెలుగువాడికి ఈ చర్చ పాఠంలా వచ్చింది 2009 డిసెంబరులో. ఆ నెల గుర్తుందిగా? 9వ తేదీ రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. సీమాంధ్ర భగ్గుమంది. 23న కేంద్రం మాట మార్చింది, ఈసారి తెలంగాణ భగ్గుమంది. రాజీనామాలు, బందులు, ఆగిన రైళ్లు. రాష్ట్రం రెండు వైపులా అంటుకున్న ఆ వారంలో, క్రిస్మస్ రోజున, ఒక తెలుగు చానెల్ రాజ్‌భవన్ పడకగదిని మన నట్టింటికి తెచ్చింది. గవర్నరు నారాయణ దత్ తివారీ గారి వయసు అప్పటికి 84. ప్రసారం ఆపమని హైకోర్టు ఆదేశించింది. తెల్లారి ఆయన రాజీనామా చేశారు. కారణం? అనారోగ్యం. ఆ దృశ్యాలు కల్పితమని ఆయన ఖండించారు. అనారోగ్యం మాత్రం కల్పితం కాదనే అనుకోవాలి.

ఆ వారం మనం ఏం మాట్లాడుకున్నామో గుర్తు చేసుకోండి. టీ బంకుల్లో, బస్సుల్లో, ఆఫీసుల్లో, ఒకే మాట: ఆ వయసులో అదేం ఓపికరా బాబూ! ఎస్సెమ్మెస్ జోకులు రాష్ట్ర విభజన రేఖను కూడా దాటి ఇటూ అటూ స్వేచ్ఛగా తిరిగాయి, ఆ ఏడాది సమైక్యంగా జరిగింది అదొక్కటే. అయితే ఆ కథలో ఇంకో ఆరోపణ ఉంది. ఆ దృశ్యాల వెనక గనుల లీజు ఇప్పిస్తామన్న హామీ ఉందని. అది నిజమా అబద్ధమా అన్నది ఎంత పెద్ద ప్రశ్న! అబద్ధమైతే ఒక వృద్ధుడి మీద ఘోరమైన నింద. నిజమైతే రాష్ట్ర సంపదకు గవర్నరు బంగళాలో బేరం. మనం మాత్రం గది చూశాం, గని మరిచాం. తెర మీద మసక చుక్కల వెనక ఏముందోనని కళ్లు చిట్లించిన రాష్ట్రం, లీజు కాగితం చూపించమని ఒక్కసారి గట్టిగా అడగలేదు. నాయకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. గది ఎంత సేపు చూపిస్తే గని అంత భద్రం.

వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి తలుపేసుకుంటే అది వాళ్ల తలుపు. వాళ్లు ఏ పార్టీ అయినా సరే, ఎన్నో పెళ్లి అయినా సరే, ఎవరికి ఎవరైనా సరే. కానీ ఆ తలుపు వెనక సర్కారు సొమ్ము ఉంటే, పదవి చూపించి లొంగదీసిన బలం ఉంటే, ఒప్పుకోని మనిషి ఉంటే, ఆ తలుపు ప్రజలది, గొళ్లెం పోలీసులది. ఇంత చిన్న తేడా తెలుసుకోవడానికి మనకు డిబేట్లో పదకొండు మంది కావాలా?

తివారీ గారి కథలోనే ఇంకో మలుపుంది. ఒక యువకుడు ఈయనే నా తండ్రి అని ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. నెత్తురు చుక్క ఇవ్వనని పెద్దాయన ఏళ్లపాటు పోరాడారు. ఏ హక్కు కింద? గోప్యత హక్కు కిందే. 2012 మేలో కోర్టు పట్టుబట్టి నమూనా తీయించింది, జులైలో ఫలితం బయటపెట్టింది. యువకుడు చెప్పిందే నిజమైంది. తండ్రి దాచుకున్నది ఇక్కడ తన సొంత రహస్యం కాదు, ఇంకొకరి పుట్టుక. 2014లో 88 ఏళ్ల వయసులో ఆయన ఆ యువకుడి తల్లిని పెళ్లి చేసుకున్నారు. దానికి ఆరోగ్యం సహకరించింది.

ఇంకాస్త వెనక్కి వెళితే, సొంత సంగతి అనే ఆయుధాన్ని తెలుగు రాజకీయం ఎంత నేర్పుగా వాడగలదో తెలుస్తుంది. ఎన్టీఆర్ 1993లో తిరుపతిలో, మేజర్ చంద్రకాంత్ విజయోత్సవ సభలో జనం ముందే లక్ష్మీపార్వతిని పెళ్లాడుతున్నట్టు ప్రకటించారు. దాపరికం లేదు. జనం విన్నారు, కొందరు ముక్కున వేలేసుకున్నారు, 1994 డిసెంబరులో అందరూ వెళ్లి 216 స్థానాలు ఇచ్చి వచ్చారు. ఓటరు దృష్టిలో ఆ పెళ్లి కథ అక్కడితో సరి. టికెట్లు తీసుకున్నప్పుడు, ఆ దంపతుల మధ్య నిలబడి ఫొటోలు దిగినప్పుడు ఏ అభ్యర్థికీ ఆ పెళ్లిలో లోపం కనిపించలేదు. తొమ్మిది నెలలు తిరగకుండానే, 1995 ఆగస్టులో, టాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్లో చేరిన ఎమ్మెల్యేలకు ఉన్నట్టుండి కళ్లు తెరుచుకున్నాయి. దుష్టశక్తి ఇంట్లో ఉందన్నారు. నెలాఖరు దాటగానే కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. అధికారంలో ఆమె జోక్యం నిజంగా ఉంటే అడగాల్సింది జోక్యం గురించే, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఊళ్లలో పాకింది ఆ ప్రశ్న కాదు, ఆ వయసులో పెళ్లేమిటన్న వెటకారం. వెటకారం భుజాన ఎక్కి ముఖ్యమంత్రి కుర్చీ చేతులు మారింది.

ఆనాటి నుంచి ఎదుటివాడి ఇల్లు మన రాజకీయానికి ఆటస్థలం. ఒకాయన సభలు పెట్టి ఎదుటాయన మూడు పెళ్లిళ్లు లెక్కపెట్టారు, ఎదుటాయన 2022 అక్టోబరులో మంగళగిరిలో చెప్పు చూపించారు. లెక్కపెట్టినాయన పార్టీకి 2024లో 175 స్థానాల్లో 11 దక్కాయి, మూడు పెళ్లిళ్లాయన పార్టీ నిలబడ్డ 21 స్థానాల్లో 21 గెలిచింది. పెళ్లిళ్ల లెక్క ఓటరుకు కావాల్సిన లెక్క కాదని అంతకంటే ఎవరు చెప్పాలి? 2021 నవంబరు 19న శాసనసభలో తన భార్యను అన్నారని చంద్రబాబు నాయుడు గారు విలేకరుల ముందు ఏడ్చారు, ముఖ్యమంత్రిగానే సభకు వస్తానని శపథం పట్టారు, 2024లో అలాగే వచ్చారు. ఆ ఏడుపును ఎగతాళి చేసే పాపం నేను చేయను. ఇంట్లో మనిషిని అంటే ఎవరికైనా మండుతుంది. అయితే అన్ని పార్టీల సోషల్ మీడియా సైన్యాలూ జీతాలు తీసుకుని పగలూ రాత్రీ చేస్తున్న పని ఇదే కదా, మరి ఆ జీతం ఇచ్చే చేతులెవరివి?

2024 అక్టోబరు 2న, అదీ గాంధీ జయంతి నాడు, తెలంగాణ మంత్రి కొండా సురేఖ గారు ప్రతిపక్షానికి చెందిన ఒక నాయకుణ్ని తిట్టడానికి ఒక సినీ జంట విడాకుల్ని మధ్యలోకి లాగారు. తర్వాత మాట వెనక్కి తీసుకున్నారు, వ్యవహారం పరువు నష్టం కేసు దాకా వెళ్లింది. ఆ నటి పేరు ఇక్కడ రాయను. ఆవిడ ఏ ఓటూ అడగలేదు, ఏ కుర్చీలోనూ లేరు. మంత్రిగారు ఏ అనుచిత వ్యాఖ్యల వల్ల తాను ఏడ్చానని చెప్పుకున్నారో, అదే దెబ్బ ఇంకో ఆడమనిషికి తగలడానికి ఎంతో కాలం పట్టలేదు. నాయకుల గోప్యత మీద ఇంత రభస చేసేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఈ యుద్ధాల్లో నాయకుడికి గాయం కాదు, అతని చుట్టూ ఉన్న ఆడవాళ్లకు అవుతుంది. నాయకుడు మళ్లీ ఎన్నికల్లో గెలిచి మరక కడుక్కుంటాడు. వాళ్లకు ఆ వసతి లేదు.

అసలు మన దగ్గర ఇల్లెక్కడ ముగుస్తుందో, పార్టీ ఎక్కడ మొదలవుతుందో చెప్పండి చూద్దాం. వైఎస్ కుటుంబంలో అన్నాచెల్లెళ్ల వాటాల తగవు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు ఎక్కిందని 2024 అక్టోబరులో బయటపడింది, ఉత్తరాలు పత్రికలకెక్కాయి. ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉండేవే అన్నారు అన్నగారు. నిజమే, అన్నాచెల్లెళ్ల తగవులు ప్రతి ఇంట్లో ఉంటాయి, కంపెనీ వాటాలు మాత్రం కొన్ని ఇళ్లలోనే ఉంటాయి. 2025 సెప్టెంబరులో బీఆర్ఎస్ నుంచి అధినేత కూతురు సస్పెండయ్యారు. అది క్రమశిక్షణ చర్యా, కుటుంబ కలహమా అని చానెళ్లు రోజంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాయి. కొడుక్కి మంత్రి పదవి ఇచ్చేటప్పుడు అది పార్టీ నిర్ణయం, కూతురితో చెడ్డప్పుడు ఇంటి విషయం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్లు రచ్చనే ఇంటికి తెచ్చుకుని, ప్రేక్షకులెందుకు వచ్చారని గద్దిస్తున్నారు.

ఇన్ని సంగతుల్లో ఒకటి మాత్రం ఓటరు నిలదీసి అడగాల్సింది, కొద్దిమంది తప్ప ఎవరూ అడగనిది, ఒంటి ఆరోగ్యం. 2016 సెప్టెంబరు 22న జయలలిత గారు చెన్నై అపోలోలో చేరినప్పుడు మొదట చెప్పింది జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం. 75 రోజులు గడిచాయి. మధ్యలో ఉప ఎన్నిక అభ్యర్థి పత్రం మీద సంతకానికి బదులు వేలిముద్ర పడింది. డిసెంబరు 5న ఆమె పోయారు. ఆ రెండున్నర నెలలు తమిళనాడును నడిపిన బుర్ర ఎవరిది? పెళ్లిళ్ల చిట్టా నోటికి చెప్పగలిగే జనం, తమ ముఖ్యమంత్రి స్పృహలో ఉన్నారా అని అడగడానికి మొహమాటపడ్డారు. అడిగినవాళ్ల మీద పుకార్లు పుట్టించారని కేసులు పెట్టారు.

కాబట్టి ఈసారి మీ గుమ్మంలోకి ఓటు అడగడానికి వచ్చినవాణ్ని, ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నావని అడక్కండి. ఆ ప్రశ్నంటే అతనికి చాలా ఇష్టం, కోపం నటించి తప్పించుకోవచ్చు. భార్య వృత్తి గడిలో గృహిణి అని రాశావు కదా, ఆ పక్క గడిలో ఆవిడ పేరు మీదున్న ఎకరాలు పోయినసారి కంటే ఎన్ని పెరిగాయి, ఏం వండితే పెరిగాయి అని అడగండి. ఆ కాగితం రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద అంటించి ఉంటుంది, ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. అందులో అబద్ధం రాసినా, ఉన్నది దాచినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది.